ఇంట్లో ఒకరికి సైకోసిస్ మొదలైనప్పుడు కుటుంబం ఏం చేయాలి: సమగ్ర మార్గదర్శి

బయట జరుగుతున్నదేదో, తన మనసులో పుడుతున్నదేదో తేడా తెలియని స్థితిని సైకోసిస్ అంటారు. ఎవరూ లేని గదిలో మాటలు వినిపిస్తాయి. పక్కింటివాళ్ళు తనను చంపడానికి పథకం వేశారనో, టీవీలో వార్తలు తన గురించే చదువుతున్నారనో గట్టి నమ్మకం కలుగుతుంది, ఎన్ని రుజువులు చూపినా అది సడలదు. మాట ఒక చోట మొదలై మరెక్కడికో పోతుంది. జ్వరం లాగే ఇది కూడా లక్షణమే కాని ఒక జబ్బు పేరు కాదు. స్కిజోఫ్రెనియాలో (ఇటువంటి లక్షణాలు దీర్ఘకాలం నిలిచే జబ్బు), బైపోలార్ రుగ్మతలో (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు), తీవ్రమైన డిప్రెషన్‌లో, గంజాయి వాడకంలో, కొన్నిసార్లు మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్‌లో కూడా ఇది కనిపిస్తుంది. నూటికి సుమారు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి దశ వస్తుందని అంచనా. ఎక్కువ మందిలో పద్దెనిమిది, ముప్ఫై ఏళ్ళ మధ్య, అంటే చదువులు ముగిసి ఉద్యోగాలు మొదలయ్యే వయసులోనే ఇది బయటపడుతుంది.

కుటుంబాలు తమ శక్తినంతా సాధారణంగా ఒకే పనికి ఖర్చు చేస్తాయి. జబ్బు పడిన మనిషి నమ్ముతున్నది నిజం కాదని అతనిచేత ఒప్పించాలని చూస్తాయి. ఆ పని వాదనతో జరగదు, జరిగేదల్లా ఇంట్లో తనకున్న ఒకే ఒక్క నమ్మకస్తుణ్ణి అతను పోగొట్టుకోవడమే. కుటుంబం చేయగలిగినవి, చేయవలసినవి వేరే ఉన్నాయి. చికిత్స మొదలు కావడానికి పట్టే కాలాన్ని తగ్గించాలి, మొదలైన చికిత్స తెగిపోకుండా చూడాలి, ఈ రెండూ జరిగేంతవరకు ఆ మనిషితో సంబంధం చెడకుండా కాపాడుకోవాలి. చికిత్స లేకుండా గడిచిన కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం నెమ్మదిస్తుంది కాబట్టి మొదటి పని ఈ వారమే మొదలుపెట్టాలి.

మొదటి అడుగు: చూసినది చూసినట్టు రాసుకోవడం

జబ్బు సాధారణంగా ఒక్క రాత్రిలో రాదు. స్నేహితుల ఫోన్లు ఎత్తకపోవడం, గది తలుపు వేసుకుని ఉండటం, స్నానం మానేయడం, రాత్రుళ్ళు మేలుకొని పగలు పడుకోవడం, పరీక్షలు ఎగ్గొట్టడం, తనలో తాను నవ్వుకోవడం, కారణం లేకుండా అనుమానపడటం వంటివి నెలల ముందు నుంచే కనిపిస్తాయి. ఇంట్లో వీటికి ప్రేమ విఫలమైందనీ, ఫోన్ పిచ్చి అనీ, బద్ధకమనీ పేర్లు పెడతారు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా జబ్బును నిరూపించదు. మూడు నాలుగు కలిసి వారాల తరబడి కొనసాగుతూ, మనిషి పాత తీరుకు పూర్తిగా వేరుగా ఉంటే మాత్రం పట్టించుకోవాలి.

ఒక నోటుబుక్కు పెట్టుకుని తేదీ, సమయం, ఏం అన్నాడు, ఏం చేశాడు అన్నవి మాత్రమే రాయండి. “మంగళవారం రాత్రి రెండు గంటలకు లేచి ఫ్యాను ఆపమన్నాడు. అందులోంచి ఇద్దరు తనను పేరు పెట్టి తిడుతున్నారన్నాడు. తెల్లారేదాకా పడుకోలేదు” అని రాసిన మూడు వాక్యాలు, “వాడు పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తున్నాడు డాక్టరుగారూ” అన్న మాట కంటే వైద్యుడికి ఎంతో ఎక్కువ చెబుతాయి. కిక్కిరిసిన ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి ఈ పేజీ విలువ అక్కడ తెలుస్తుంది. నిద్ర, తిండి, గంజాయి, మద్యం, వాడుతున్న ఇతర మందులు, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇటువంటి జబ్బు ఉందా అన్నది కూడా అందులోనే చేర్చండి. మేనమామ సంగతి దాచిపెట్టడం వల్ల ఎవరి పరువూ నిలవదు.

రెండవ అడుగు: వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసినవి

కొన్ని పరిస్థితుల్లో మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. జ్వరంతోనో, మూర్ఛలతోనో, తలకు దెబ్బ తగిలాకనో మతి తప్పి మాట్లాడుతున్న మనిషికీ, ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి ఊరు, వేళ, మనుషులు తెలియకుండా పోయిన వృద్ధుడికీ ముందు కావలసింది జనరల్ ఆసుపత్రిలో అత్యవసర పరీక్ష. రక్తంలో సోడియం పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవయసువారు లేనివి చూస్తారు.

రోజూ తాగే మద్యం హఠాత్తుగా ఆపినప్పుడు రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, పురుగులు పాకుతున్నట్టు కనిపించడం ప్రాణాపాయ లక్షణాలు. తెలంగాణలో దీనికి మరో రూపం కూడా ఉంది. మత్తు మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారికి అది దొరకనప్పుడు ఇదే స్థితి వస్తుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగిన రోజుల్లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇటువంటి రోగులు ఆసుపత్రులకు పెద్ద సంఖ్యలో వచ్చారు.

ప్రసవమైన మొదటి రెండు వారాల్లో బాలింత నిద్ర పూర్తిగా మానేసి, బిడ్డ తనది కాదనో, బిడ్డకు దుష్టశక్తి ఆవహించిందనో అంటుంటే అదే రోజు వైద్యుడికి చూపించాలి. వెయ్యి ప్రసవాల్లో ఒకరిద్దరికి వచ్చే ఈ జబ్బు చాలా వేగంగా ముదురుతుంది. చికిత్సకు అంతే బాగా లొంగుతుంది కూడా. అప్పటివరకు బిడ్డను, తల్లిని ఒంటరిగా వదలకూడదు.

మూడవ అడుగు: ఎలా మాట్లాడాలి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఒక్క ఉదాహరణను దగ్గరగా చూద్దాం. భోజనం ముందు కూర్చున్న కొడుకు కంచం తోసేసి, “అమ్మా, ఈ అన్నంలో ఏదో కలిపారు, నేను తినను” అంటాడు. “కన్నతల్లిని, నీకు విషం పెడతానా? నోరు మూసుకుని తిను” అనడం సహజమే. ఆ మాటలో తల్లి బాధ ఉంది, కాని కొడుకు చెవికి వినిపించేది బలవంతం. అంటే అతని అనుమానానికి మరో రుజువు దొరికినట్టే. తండ్రి కల్పించుకుని, “అవునురా, నీళ్ళలోనే ఏదో కలుపుతున్నారు, నేనూ చూశాను” అని బుజ్జగించబోతే ఆ భయానికి ఇంటిపెద్ద ముద్ర వేసినట్టవుతుంది.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. “ఏదో కలిసిందని నీకు అనిపిస్తోంది కదా నాన్నా. అలా అనిపిస్తే ఎవరికైనా ముద్ద దిగదు. నేనైతే ఏమీ కలపలేదు. నువ్వే గిన్నెలోంచి పెట్టుకో, నేనూ ఇదే తింటాను. వద్దంటే అరటిపండో, గుడ్డు ఉడకబెట్టుకునో తిను.” ఈ జవాబులో అతని భయాన్ని ఒప్పుకున్నాం, అతని నమ్మకాన్ని ఒప్పుకోలేదు, మన మాట ఒక్కసారి చెప్పి ఊరుకున్నాం, చివరికి అతని చేతిలో ఒక ఎంపిక పెట్టాం. పైన తొక్క ఉన్న పండు, పెంకుతో ఉన్న గుడ్డు, సీలు వేసిన పాల ప్యాకెట్టు వంటివి ఇటువంటి అనుమానం ఉన్నవారు కొంత సులభంగా తీసుకుంటారు.

మిగిలినవన్నీ దీన్నుంచే వస్తాయి. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. ఒకేసారి నలుగురు మాట్లాడకూడదు, టీవీ ఆపేయాలి, ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూస్తూ కాకుండా పక్కన కూర్చుని మాట్లాడాలి. అతనికి వినిపించే స్వరాలు అతనికి నిజంగానే వినిపిస్తున్నాయి. అందువల్ల “నాకు వినిపించడం లేదు, నీకు వినిపిస్తోందని నమ్ముతున్నాను, ఏమంటున్నాయి?” అని అడగవచ్చు. ఆ ప్రశ్న కుతూహలం కోసం కాదు. చచ్చిపొమ్మని గానీ, ఎవరినైనా కొట్టమని గానీ ఆ స్వరాలు ఆజ్ఞాపిస్తున్నాయేమో తెలుసుకోవడానికి అంతకంటే సూటి దారి లేదు. చుట్టాల ముందు అతని మాటలు చెప్పి నవ్వుకోవడం, అతను గదిలో ఉండగానే అతని గురించి గుసగుసలాడటం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అనుమానంతో ఉన్న మనిషి చెవులు మనం అనుకున్నదానికంటే చురుకు.

నాలుగవ అడుగు: వైద్యుడి దగ్గరికి చేర్చడం

గాలి సోకిందనో, చేతబడి అనో, మెదక్ వైపు బాణామతి అనో ఊళ్ళో ఎవరో ఒకరు అంటారు. గుడికో, దర్గాకో, చర్చికో వెళ్ళడాన్ని అడ్డుకోవలసిన పని లేదు, అక్కడ కుటుంబానికి దొరికే ఊరట నిజమైనదే. అడ్డుకోవలసింది ఆలస్యాన్నీ, కొట్టడాన్నీ, పస్తులు పెట్టడాన్నీ, గొలుసు వేయడాన్నీ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరున్న ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టి ఉంచినందువల్ల తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు మరణించారు. మొక్కు తీర్చుకునే రోజు, మందు మొదలయ్యే రోజు ఒకే వారంలో ఉంటే చాలు.

“నాకేం జబ్బు లేదు” అన్న మాట మొండితనం కాదు. చాలామందిలో తనకు జబ్బు ఉందన్న గ్రహింపు పోవడం కూడా జబ్బులో భాగమే. అందుకే “నీకు మతి బాగాలేదు, రా” అనే బదులు అతనికే ఇబ్బందిగా ఉన్న విషయం పట్టుకోవాలి. “నిద్ర పట్టడం లేదన్నావు కదా, దానికి అడుగుదాం” అన్నది అబద్ధం కాదు, అతను ఒప్పుకోగలిగిన నిజం. పెళ్ళికని కారెక్కించి ఆసుపత్రి గేటు దగ్గర దింపడం ఒక్కసారే పని చేస్తుంది, ఆ తరువాత అతను మీతో ఏ కారూ ఎక్కడు. అసలు రానంటే ముందు మీరే నోటుబుక్కుతో వైద్యుణ్ణి కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు.

హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. అయితే ఆ పేర్లు చెప్పగానే బెదిరేవారిని అక్కడికే లాక్కుపోనవసరం లేదు. బోధనాసుపత్రుల మానసిక విభాగాలు, జిల్లా ఆసుపత్రుల్లోని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఓపీలు మొదటి పరీక్షకు సరిపోతాయి.

కొడుకో కూతురో విదేశంలో ఉంటే పని మరికొంత కష్టం. అమెరికాలో ఇరవై ఏళ్ళ విద్యార్థి విషయాలు అతని అనుమతి లేనిదే ఆసుపత్రివారు తల్లిదండ్రులకు చెప్పకపోవచ్చు. కాని మీరు చెప్పేది వాళ్ళు వినకూడదన్న నిబంధన లేదు. రూమ్మేట్ల నంబర్లు ముందే తీసుకుని ఉంచుకోండి, విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ కేంద్రానికి ఫోన్ చేసి మీకు తెలిసిందంతా చెప్పండి. అక్కడి అత్యవసర మానసిక సహాయ నంబరు 988.

ఐదవ అడుగు: పరిస్థితి చేయి దాటుతున్నప్పుడు

సైకోసిస్ ఉన్నవారిలో ఎక్కువ మంది ఎవరినీ కొట్టరు. వారి వల్ల ఇతరులకు జరిగే హాని కంటే వారు తమకు తాము చేసుకునే హాని గురించే ఎక్కువ భయపడాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పొలం ఉన్న ఇళ్ళలో పురుగుమందు డబ్బాలను ఇంట్లోంచి తీసేయడం, మందుల స్ట్రిప్పులు ఒకరి దగ్గర తాళంలో ఉంచడం, కత్తిపీట, కొడవలి కంటికి కనబడకుండా పెట్టడం ముందు చేయవలసిన పనులు. ఉద్రేకం పెరుగుతున్నప్పుడు ఒక్కరే నెమ్మదిగా మాట్లాడాలి, రెండు చేతుల దూరం పాటించాలి, గుమ్మానికి అడ్డం నిలబడకూడదు, పిల్లల్ని పక్కింటికి పంపాలి. అప్పటికీ అదుపులోకి రాకపోతే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, ఇది మానసిక వైద్య అత్యవసర పరిస్థితి అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

చట్టం గురించి కొంత తెలిసి ఉంటే ఆసుపత్రిలో తడబాటు ఉండదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వవచ్చు. రోగి తానుగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే, నామినేట్ చేసిన ప్రతినిధి (రోగి తరఫున మాట్లాడే వ్యక్తి) కోరిక మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. అంతకు మించి ఉంచాలంటే మరో ప్రక్రియ ఉంది. రోడ్ల మీద తిరుగుతున్న రోగిని పోలీసులు తమ సంరక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. గొలుసు వేయడం ఏ రూపంలోనైనా నిషిద్ధం. పైన చెప్పిన ప్రతినిధిని రోగి తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి నియమించుకోవచ్చు. ఈ కాగితాన్ని అతను కుదురుగా ఉన్న రోజున, ఎవరు కావాలో అతన్నే అడిగి రాయించాలి.

ఆరవ అడుగు: మందులు

రిస్పెరిడోన్, ఒలాంజపైన్, అరిపిప్రజోల్, హాలోపెరిడాల్ వంటి మందులు మొదలుపెట్టిన కొన్ని రోజుల్లోనే నిద్ర, ఆందోళన సర్దుకుంటాయి. స్వరాలు, అనుమానాలు తగ్గడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. పది రోజులకే “ఈ డాక్టరు మందు పనిచేయడం లేదు” అని మరో ఊరికి పోవడం వల్ల ఏ మందుకూ తగిన గడువు దొరకదు.

రెండవ పొరపాటు బాగున్నప్పుడు జరుగుతుంది. కోలుకున్నాడు కదా అని మందు ఆపితే మర్నాడే ఏమీ కాదు. నెల, రెండు నెలలు చక్కగా గడుస్తాయి, ఇంటిల్లిపాదీ ఆపినదే మంచిదైందనుకుంటారు. ఆ తరువాత నిద్ర చెడుతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది, ఈ రెంటికీ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తోచదు. మొదటిసారి వచ్చిన జబ్బుకు కోలుకున్నాక కూడా కనీసం ఏడాది, రెండేళ్ళు, తిరగబెట్టినవారికి ఇంకా ఎక్కువ కాలం మందు అవసరమవుతుంది. తగ్గించడం, ఆపడం వైద్యుడితో కలిసి మెల్లగా చేయవలసిన పని.

దుష్ఫలితాలు ఉంటాయి, వాటిని రోగి సాకుగా కొట్టిపారేయకండి. మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కళ్ళు పైకి నిలిచిపోవడం భయపెడతాయి గాని ఇంజెక్షన్‌తో త్వరగా సర్దుకుంటాయి. ఒళ్ళు బిగుసుకుపోవడానికి, వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్ ఇస్తారు. ఒక్క చోట కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే జబ్బు ముదిరిందనుకుంటారు, అది మందు వల్ల కూడా కావచ్చు. బరువు, షుగరు పెరుగుతాయి కాబట్టి మొదట్లోనూ, మూడు నెలలకూ, తరువాత ఏటా పరీక్షలు చేయించాలి. కొన్ని మందులతో నెలసరి ఆగిపోతుంది, ఆ సంగతి అమ్మాయిలు తండ్రితోనో అన్నతోనో చెప్పుకోలేరు కాబట్టి ఇంట్లోని ఆడవాళ్ళు అడగాలి. క్లోజపైన్ అనే మరో సైకోసిస్ మందు వాడేవారికి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పనిసరి, గొంతునొప్పితో జ్వరం వస్తే ఆ రోజే చూపించాలి. ఏ మందు వాడుతున్నా తీవ్రమైన జ్వరంతో పాటు ఒళ్ళు కర్రలా బిగుసుకుని, మతి తప్పుతుంటే మందు ఆపి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ మందుల్లో కొన్ని చెమటను తగ్గిస్తాయి, అందువల్ల రోహిణి కార్తెలో వడదెబ్బ ముప్పు మామూలు మనిషికంటే ఎక్కువ. బైపోలార్ రుగ్మతకు ఇచ్చే లిథియం వాడేవారు నీళ్ళు తాగకుండా ఎండలో తిరిగినా, విరేచనాలు పట్టుకున్నా, కటిక ఉపవాసం ఉన్నా రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది.

తెలియకుండా అన్నంలో మందు కలపడం చాలా ఇళ్ళలో జరుగుతోంది. వేరే దారి కనబడక చేస్తారు కాబట్టి వారిని నిందించలేం, కాని సమర్థించనూ లేం. విషం కలుపుతున్నారని నమ్మే మనిషి ఒక రోజు ఆ పొడి చూస్తే అతని అనుమానం నిజమైపోతుంది, ఆ తరువాత ఆ ఇంట్లో అతను ఎవరినీ నమ్మడు. మాత్రలు మింగడానికి ఒప్పుకోనివారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటి గురించి వైద్యుణ్ణీ, రోగినీ కూర్చోబెట్టి మాట్లాడటం మేలు.

ఏడవ అడుగు: ఇల్లు

1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఆసుపత్రి నుంచి ఇళ్ళకు వెళ్ళిన స్కిజోఫ్రెనియా రోగుల్ని గమనిస్తూ పోయినప్పుడు, ఎడతెగని విమర్శ, కోపం, ఊపిరాడనివ్వని అతిజాగ్రత్త ఉన్న ఇళ్ళలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని తేలింది. 1980లలో చండీగఢ్‌లో ఇదే పద్ధతిలో చూస్తే లండన్ ఇళ్ళకంటే ఇక్కడి ఇళ్ళలో అటువంటి విమర్శ తక్కువగా కనిపించింది. అంతకు చాలా ముందే, 1950లలో, అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగులతో పాటు బంధువులనూ ఉంచుకుని, జబ్బు గురించి వారికి చెప్పేవారు. కుటుంబాన్ని వైద్యంలో కలుపుకోవడం మన దేశంలో పాత ఆలోచనే.

కుటుంబం వల్ల జబ్బు వచ్చిందని దీనికి అర్థం కాదు. పెంపకం వల్ల సైకోసిస్ రాదు. కాని కోలుకుంటున్న మనిషి చెవిలో రోజూ పడే మాటలకు బలం ఉంది. గట్టి లక్షణాలు తగ్గాక కూడా ఉత్సాహం లేకపోవడం, మాట తగ్గిపోవడం, స్నానానికి లేవలేకపోవడం నెలల పాటు మిగులుతాయి. సరిగ్గా అప్పుడే “తిని కూర్చోవడం అలవాటైంది” అన్న మాట మొదలవుతుంది. ఆ మాట బదులు ఒక చిన్న పని అప్పగించండి. ఉదయం పాల ప్యాకెట్టు తేవడం, మొక్కలకు నీళ్ళు పోయడం, తరువాత వారంలో కూరగాయలు తేవడం. చేసిన రోజు ఒక మంచి మాట అనండి, చేయని రోజు ఊరుకోండి. గంజాయి, మద్యం విషయంలో మాత్రం మెత్తబడకూడదు. బీడీ, సిగరెట్ హఠాత్తుగా మానేస్తే ఒలాంజపైన్, క్లోజపైన్ మోతాదు రక్తంలో పెరుగుతుంది కాబట్టి ఆ మార్పును వైద్యుడికి చెప్పాలి.

ఎనిమిదవ అడుగు: పెళ్ళి మాట, కాగితాలు

“పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు” అన్నంత హాని చేసిన సలహా మరొకటి లేదు. జబ్బు దాచి పెళ్ళి చేస్తే, అత్తవారింట్లో ఎవరైనా చూస్తారన్న భయంతో అమ్మాయి మాత్రలు మానేస్తుంది, నిద్ర కరువైన ఆ రోజుల్లోనే జబ్బు తిరగబెడుతుంది, తరువాత వ్యవహారం కోర్టుకెక్కుతుంది. పెళ్ళి వద్దని కాదు. కోలుకుని, చికిత్సలో నిలకడగా ఉండి, తాను కోరుకుని, ఎదుటివారికి చెప్పి చేసుకున్నవారు కాపురాలు చేసుకుంటున్నారు. గర్భం రావడానికి ముందే మందుల గురించి వైద్యుణ్ణి అడగాలి, ముఖ్యంగా బైపోలార్ రుగ్మతకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది.

జబ్బు దీర్ఘకాలం నిలిచి పని చేసుకోలేని స్థితి ఉంటే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతను వైకల్యంగా గుర్తిస్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని ధ్రువపత్రం వస్తే పింఛను వంటి పథకాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది కాబట్టి పాలసీ కాగితాలు ఒకసారి తీసి చూడండి.

ఈ భారం సాధారణంగా తల్లి ఒక్కదానిమీదే పడుతుంది. వారానికి ఒక పూటైనా మరొకరు ఆ బాధ్యత తీసుకోవాలి, అది ఆమెకు సెలవు కోసం మాత్రమే కాదు, ఆ మరొకరికి పని నేర్పడం కోసం కూడా. మందు పేరు, మోతాదు, ఏ మందు పడలేదు, వైద్యుడి నంబరు, ధ్రువపత్రం, ప్రతినిధి కాగితం ఒకే ఫైలులో పెట్టి, అతని జబ్బు తిరగబెట్టే ముందు మొదట కనిపించే రెండు మూడు గుర్తులు ఏవో దాని మొదటి పేజీ మీద రాయండి. ఒకరికి అది నిద్ర తగ్గడం కావచ్చు, మరొకరికి కిటికీలు మూయడం కావచ్చు. ఆ పేజీని అతనితోనే కలిసి రాసి, ఒక నకలు అన్నకో చెల్లెలికో ఇచ్చి, ఆ గుర్తులు కనబడిన రోజున ఎవరు వైద్యుడికి ఫోన్ చేయాలో పేరు పెట్టి నిర్ణయించుకోండి.